మేరీ రోజ్ విల్లుని కాపీ కొట్టాలంటే అసలు ఏం కాపీ కొట్టాలి?

ఇంగ్లిష్ లాంగ్‌బో (ఒంటి చెక్కతో చేసే పొడవాటి విల్లు) అని నెట్‌లో కొడితే వచ్చే బొమ్మల్లో చాలా విల్లులు యుద్ధం మొహం చూసినవి కావు. సన్నగా నున్నగా ఉండి, మధ్యలో పట్టుకోడానికి తోలు చుట్టి, బాణం రాసుకునే చోట ముత్యపు చిప్ప ముక్క పొదిగి ఉంటాయి చూడండి, అవన్నీ విక్టోరియా రాణి టైమ్‌లో డబ్బున్నోళ్ళు పచ్చిక మీద టార్గెట్ పెట్టుకుని సరదాకి వేసుకున్న రకం. బలం, అంటే పూర్తిగా లాగి పట్టుకోడానికి ఎంత బరువు లాగాలో అది, 40 నుంచి 60 పౌండ్ల మధ్యలో ఉంటుంది. అందంగా ఉంటాయి, కాదనను. కానీ 1346లో క్రెసీలో, 1415లో అజిన్‌కోర్ట్‌లో ఫ్రెంచి గుర్రపు దళాన్ని ఆపింది అవి కాదు, అయినా ఇప్పటికీ "మధ్యయుగాల విల్లు" అని బోర్డు పెట్టి అమ్మేది ఎక్కువగా ఆ రకమే.

అసలు యుద్ధపు విల్లు ఎలా ఉంటుందో మనకి సరిగ్గా తెలిసింది ఒక ఓడ మునగడం వల్ల. ఎనిమిదో హెన్రీ గారి మేరీ రోజ్ 1545 జూలై 19న పోర్ట్స్‌మత్ రేవు ముందున్న సోలెంట్ అనే సముద్రపు పాయలో, ఫ్రెంచి నౌకాదళం ఎదురుగా ఉండగానే మునిగిపోయింది, రాజుగారు ఒడ్డునుంచి చూస్తూనే ఉన్నారు. సుమారు 500 మంది ఉంటే బతికి బయటపడింది 35 మంది కూడా కాదు. ఓడలో సగభాగం మెత్తటి బురదలో కూరుకుపోయి గాలి తగలక నాలుగొందల ఏళ్ళు అలాగే ఉండిపోయింది. 1982 అక్టోబర్ 11న పైకి తీశారు. సామాన్ల లిస్టులో యూ అనే చెట్టు చెక్కతో చేసిన విల్లులు 250 అని రాసుంది, దొరికినవి 170కి పైన, బాణాలైతే 3500 దాటాయి. 1840 ప్రాంతంలోనే డీన్ అన్నదమ్ములు అనే డైవర్లు ఫిరంగులతో పాటు కొన్ని విల్లులు పైకి తెచ్చారు గానీ, ఆ నాలుగైదు పట్టుకుని ఎవరూ గట్టిగా ఏం చెప్పలేకపోయారు, ఇక్కడ పెట్టెలకి పెట్టెలు దొరికేసరికి లెక్క మారిపోయింది.

నేను ఉండేది హ్యాంప్‌షైర్‌లోనే కాబట్టి పోర్ట్స్‌మత్ మ్యూజియంకి వెళ్ళడం పెద్ద విషయం కాదు, ఇండియా నుంచి ఎవరొచ్చినా లండన్ తర్వాత తీసుకెళ్ళేది అక్కడికే. మొదట్లో నేనూ అందరిలాగే ఫిరంగులు, కుక్క అస్థిపంజరం చూసి వచ్చేసేవాణ్ణి. విల్లుల దగ్గర ఆగింది మాత్రం ఇక్కడ వడ్రంగం నేర్పే ఒక పెద్దాయన పరిచయం అయ్యాక. ఆయన రిటైర్డ్ కార్పెంటర్, విల్లులు చేస్తాడు, పేరు రాస్తే ఊరుకోడు కాబట్టి పెద్దాయన అనే అంటా. ఆయన గాజు పెట్టె ముందు నిలబెట్టి ఈ విల్లుని పై నుంచి కింద దాకా చూడు, ఏది బాలేదో చెప్పు అన్నాడు. చూస్తే ఏదీ బాలేదు. ఒకటి మధ్యలో పక్కకి వంగి ఉంది, ఇంకోదానికి ముడి దగ్గర బొడిపెలా ఉబ్బి ఉంది, ఒకటి గుండ్రంగా ఉంటే పక్కది పక్కలు చదునుగా ఉంది. తోలు పట్టీ లేదు. ఏ రెండూ ఒకేలా లేవు. పొడవు మాత్రం 1.87 మీటర్ల నుంచి 2.11 మీటర్ల దాకా, సగటున 1.98, అంటే ఆరున్నర అడుగులు. మధ్యలో మందం ఒకటింపావు అంగుళం పైమాటే. చీపురు కర్రల్లాంటి విక్టోరియన్ విల్లులు చూసిన కళ్ళకి ఇవి రోకళ్ళలా కనిపిస్తాయి.

బలం విషయంలో చరిత్రకారులు చాలాకాలం కొట్టుకున్నారు. మేరీ రోజ్‌కి ముందు 80 నుంచి 100 పౌండ్లు ఉండేదేమోలే, అంతకంటే మనిషి లాగలేడు అనుకునేవాళ్ళు. రాబర్ట్ హార్డీ అని ఒక ఇంగ్లిష్ నటుడు ఉండేవాడు, ఆయనకి లాంగ్‌బో అంటే పిచ్చి, మేరీ రోజ్ విల్లుల మీద సలహాదారుగా పనిచేశాడు. ఆయన, ఇంకొంతమంది సైంటిస్టులు కలిసి కొలతలు తీసి, కంప్యూటర్ మోడల్ కట్టి, కొత్త యూ చెక్కతో అలాంటివే చేయించి చూస్తే 100 నుంచి 185 పౌండ్ల దాకా వచ్చింది, ఎక్కువ శాతం 150 చుట్టుపక్కల. 150 పౌండ్లంటే 68 కిలోలు. ఇది నమ్మలేనివాళ్ళు అప్పట్లో చాలామంది. 2004లో మార్క్ స్ట్రెటన్ అనే ఆయన 200 పౌండ్ల విల్లు లాగి చూపించాక నోళ్ళు కొంచెం మూతపడ్డాయి.

మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 3 గోల్డ్ మెడల్స్ కొట్టిన కాంపౌండ్ విల్లుకి రూల్ ప్రకారం గరిష్ఠ బలం 60 పౌండ్లు, అది కూడా చక్రాలు ఉంటాయి కాబట్టి పూర్తిగా లాగాక చేతి మీద భారం బాగా తగ్గిపోతుంది. ఒలింపిక్స్‌లో చక్రాల్లేని రికర్వ్ విల్లు వేసే మగవాళ్ళవి సుమారు 50. దీన్నిబట్టి ఆలోచించండి, చక్రం లేదు, గురి చూసే సైట్ లేదు, 68 కిలోలు చెవి దాకా లాగి, వదిలి, మళ్ళీ లాగాలి. చిన్నప్పట్నుంచి ఏడాదికేడాది బలం పెంచుకుంటూ అలవాటు చేసేవాళ్ళు. ఓడలో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నిటికి భుజం ఎముక కొస మామూలుగా అతుక్కోవాల్సిన వయసు దాటినా అతుక్కోకుండా ఉండిపోయింది, చిన్నతనం నుంచి విల్లు లాగడం వల్లే అయ్యుంటుందని ఎముకల నిపుణురాలు ఆన్ స్టర్లాండ్ అంది. ఆ సిబ్బంది సగటు ఎత్తు ఎంతో తెలుసా, 5 అడుగుల 7 అంగుళాలు, కరెక్ట్‌గా నా ఎత్తే. కాబట్టి నేను పొట్టివాణ్ణి నావల్ల కాదు అనే సాకు కూడా లేదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. మ్యూజియంలో ఉన్న ఒక విల్లు కొలతలన్నీ పబ్లిష్ అయ్యాయి అనుకోండి, ప్రతి నాలుగంగుళాలకి వెడల్పు ఎంత మందం ఎంత అని పట్టిక ఉంది, దాన్ని పట్టుకుని అచ్చు అలాగే చెక్కేస్తే రెప్లికా అయిపోతుంది కదా? నేనూ ఒక విల్లు చేద్దామని, అదే అనుకుని పట్టిక ప్రింట్ తీసుకెళ్ళా. పెద్దాయన దాన్ని మడిచి నా జేబులోనే పెట్టాడు. ఎందుకంటే చెక్క బిరుసు మందానికి ఘనంలో ఉంటుంది, అంటే మందం 10 శాతం తగ్గిస్తే బలం 27 శాతం పడిపోతుంది, వెడల్పు తగ్గిస్తే మాత్రం ఎంత తగ్గిస్తే అంతే. ఒక చోట అర మిల్లీమీటర్ తేడా కూడా కనిపించేస్తుంది. ఇక చెక్కలు ఏవీ ఒకలా ఉండవు, ఆల్ప్స్ కొండ మీద పెరిగిన యూ ఒకలా, ఇంగ్లండ్ పల్లపు నేలలో తొందరగా పెరిగింది ఇంకోలా. ఆ పట్టికలో ఉన్నది ఒక నిర్దిష్టమైన చెట్టుకి, అందులో ఉన్న ముడులకి, ఆ రోజు ఆ పనివాడు చెప్పుకున్న సమాధానం. నీ చెట్టు వేరు కాబట్టి నీ సమాధానం వేరు అని ఆయన లెక్క. కొలతలు కాపీ కొడితే విల్లు విరుగుతుంది లేదా వంకరగా వంగుతుంది, వాళ్ళు ఏ కారణానికి ఎక్కడ ఎక్కువ చెక్క వదిలారో అది కాపీ కొట్టాలి.

చెక్క దగ్గరికి వద్దాం. యూ చెట్టులో లోపల చేవ ఎర్రగా నారింజ రంగులో ఉంటుంది, చుట్టూ తెల్ల చెక్క ఉంటుంది. విల్లుకి మన వైపు ఉండేదాన్ని పొట్ట అంటారు, టార్గెట్ వైపు ఉండేది వీపు. లాగినప్పుడు పొట్ట నొక్కుకుపోతుంది, వీపు సాగుతుంది. చేవ నొక్కుడుకి బాగా తట్టుకుంటుంది, తెల్ల చెక్క సాగుడుకి తట్టుకుంటుంది, రెండూ పుట్టుకతోనే అతుక్కుని ఉంటాయి, జిగురు అక్కర్లేదు. మంగోలియా, టర్కీ వాళ్ళు కొమ్ము, చెక్క, నరాలు అతికించి నెలల తరబడి కష్టపడి చేసే పని ఇక్కడ చెట్టే చేసి పెట్టేస్తుంది. అందుకే కొత్త రాతియుగం నుంచీ యూరప్‌లో విల్లంటే ఎక్కువగా యూ నే. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే 5000 ఏళ్ళ పైబడ్డ మనిషి పక్కన కూడా యూ విల్లు ఉంది, 1.82 మీటర్లు, ఇంకా పూర్తికాలేదు, గొడ్డలి గాట్లు అలాగే ఉన్నాయి పాపం.

మంచి యూ ఇంగ్లండ్‌లో దొరకదు అంటే ఇక్కడివాళ్ళకి కోపం వస్తుంది గానీ నిజం అదే. చర్చిల ఆవరణల్లో వందల ఏళ్ళ యూలు ఉంటాయి, బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ మెలికలు, కొమ్మలు, ముడులు. ఏడడుగుల పొడవు తిన్నగా, ముడులు తక్కువగా, వలయాలు సన్నగా కావాలంటే చలికొండల మీద నిదానంగా పెరిగినదే. అందుకే 1472లో ఒక చట్టం చేశారు, ఇంగ్లండ్ రేవుకి సరుకు తెచ్చే ఓడలు టన్ను సరుకుకి 4 విల్లు కర్రలు తెచ్చి తీరాలి. తర్వాత మూడో రిచర్డ్ రాజు తీపి వైన్ పీపాకి 10 కర్రలు అన్నాడు. డిమాండ్ పెరిగితే ఏమవుతుంది, 1483 నాటికి వంద కర్రల ధర 2 పౌండ్ల నుంచి 8కి ఎక్కింది, 1510లో వెనిస్ వ్యాపారులు 16కి ఒక్క పైసా తగ్గనన్నారు. బవేరియా, ఆస్ట్రియా అడవుల్లో యూ నరికి నరికి 1560ల చివరికి నరకడానికి చెట్లే లేకుండా చేశారు. తుపాకులు వచ్చి విల్లుని చంపాయి అని అందరూ అంటారు, నాకు మాత్రం చెట్లు అయిపోవడం కూడా అందులో పెద్ద చెయ్యే అనిపిస్తుంది.

నా కర్ర ఇటలీ కొండల నుంచి వచ్చింది, అమ్మే ఆయన దగ్గరే కొన్నేళ్ళు నీడన ఆరింది. ధర చెప్పను, ఇంట్లో ఈ పోస్ట్ చదువుతారు. అంగుళంలో వలయాలు లెక్కపెట్టడానికి భూతద్దం కావాల్సి వచ్చింది, అంత సన్నం. ఆరిందా లేదా అనేది ముఖ్యం, తేమ 10 శాతం దగ్గరికి రాకపోతే వంచితే వంగినట్టే ఉండిపోతుంది, మరీ ఎండిపోతే పుటుక్కున పోతుంది.

ఇంకో సంగతి, యూ విషం. ఆకు, గింజ, బెరడు, చెక్క అన్నీ విషమే, ఎర్రటి పండు కండ ఒక్కటే కాదు, ఆకు మేసి పశువులు, గుర్రాలు చనిపోవడం ఇక్కడ మామూలే, గుండె మీద దెబ్బ కొడుతుంది. కాబట్టి గీకేటప్పుడు, సాండ్‌పేపర్ పట్టేటప్పుడు మాస్క్ తప్పనిసరి, వర్క్‌షాప్‌లో టీ కప్పు మూత లేకుండా పెట్టకూడదు. దీని దగ్గరి బంధువైన పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి మొదట వచ్చిందే పాక్లిటాక్సెల్ అనే మందు, కేన్సర్ వార్డుల్లో తిరిగినవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. మన హిమాలయాల్లో కూడా యూ ఉంది కానీ ఈ మందు కోసమే విపరీతంగా కొట్టేసి ప్రమాదంలో పడింది, దాని వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి, కాబట్టి ఇండియా నుంచి తెప్పించుకుందాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే వదిలేయండి.

పని మొదలు బెరడు తీయడం. రెండు వైపులా పిడి ఉండి మన వైపుకి లాగే డ్రానైఫ్ అనే కత్తి ఉంటుంది, దాంతో బెరడు, తర్వాత తెల్ల చెక్క పలచన చేస్తూ 5-6 మిల్లీమీటర్లకి తేవాలి. ఇది సరళరేఖలో తీయకూడదు, చెట్టు ఎలా ఎగుడుదిగుడుగా పెరిగిందో అలాగే వెంబడించాలి. చెట్టు గుంట పడితే మనమూ గుంట, చెట్టు ఉబ్బితే మనమూ ఉబ్బు. ఎక్కడైనా నార అడ్డంగా తెగితే వీపు అక్కడ లేచిపోతుంది. మ్యూజియంలో విల్లులు వంకరగా ఎందుకున్నాయో నాకు ఆ రోజు చేత్తో అర్థమైంది, వాళ్ళకి తిన్నగా చెక్కడం రాక కాదు, చెట్టు పోయిన దారిలో పోయారు. ముడి వచ్చిన చోట చుట్టూ కొంచెం ఎక్కువ చెక్క వదిలేయాలి, ఎందుకంటే అక్కడ నార ముడిని చుట్టుకుని పోతుంది, బలహీనం. ఆ గాజు పెట్టెలో బొడిపె అదే. నున్నగా కొట్టేసి ఉంటే ఫోటోకి బాగుండేది, ఫ్రెంచివాడి ముందు విరిగేది.

తర్వాత కర్ర ఈ చివర్నుంచి ఆ చివరికి దారం బిగించి కొట్టి గీత పడేసి, చివర్లు ఎక్కడికి రావాలో మధ్య ఎక్కడ ఉండాలో చూసుకుని, వెడల్పు గీసుకుని, పొట్ట వైపు చేవ తగ్గిస్తూ చివరలకి సన్నం చేస్తూ వెళ్ళడం, నాలుగు పలకల కర్ర ఎనిమిది పలకలవడం, ఆ పైన గుండ్రం తిరగడం. ఇది శ్రమే తప్ప టెన్షన్ లేదు, చిత్రిక పట్టినంత సేపు హాయిగా ఉంటుంది. అమ్మ వీడియో కాల్‌లో చూసి "ఏరా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని చెప్పి అక్కడ కట్టెలు చెక్కుతున్నావా" అంది. నాన్న మాత్రం పక్కనుంచి ఏం చెక్కరా అది, టేకా అని అడిగాడు.

టెన్షన్ అంతా టిల్లరింగ్‌లో ఉంది. విల్లు రెండు చేతులూ (పిడికి పైన, కింద ఉండే సగాలు) సమంగా, ఎక్కడా ఎక్కువ తక్కువ కాకుండా వంగేలా కొంచెం కొంచెంగా గీకడాన్ని టిల్లరింగ్ అంటారు, ఇదే అసలు పని, మిగతాదంతా కట్టె కొట్టడమే. ముందు నేల మీద ఒక చివర ఆనించి మధ్యలో అరచేత్తో నొక్కి చూడాలి, ఏ చోట వంగుతోంది ఏ చోట మొండికేస్తోంది అని. ఆ తర్వాత గోడకి కొట్టిన కొయ్య మీద విల్లు అడ్డంగా పెట్టి, పొడుగు తాడు కట్టి, కింద కప్పీ లోంచి తాడు లాక్కుంటూ గదికి ఆ మూలన నిలబడి చూడాలి. మధ్యలో కొక్కెం త్రాసు ఉంటుంది, ఎన్ని పౌండ్లు అని చూపిస్తుంది.

ఇక్కడ ఒక రూల్ ఉంది, ఎన్ని పౌండ్ల విల్లు కావాలనుకున్నావో అంతకు మించి ఒక్కసారి కూడా లాగకూడదు. కొద్దిగానే వంగినా సరే, ఆ బరువు వచ్చిందంటే ఆపి, గీకి, మళ్ళీ లాగాలి. గీకిన ప్రతిసారీ ఓ ముప్పైసార్లు మెల్లగా లాగి వదులుతూ ఉండాలి, ఎందుకంటే చెక్కకి తనలోంచి ముక్క పోయిందన్న సంగతి వెంటనే తెలీదు, కాసేపటికి గానీ వంపు మారదు. ఈ ముప్పై లాగుళ్ళు బద్ధకించి గీకేసేవాళ్ళ విల్లులే ఎక్కువ పాడవుతాయి, అవసరానికి మించి గీకేశాక అప్పుడు వంపు బయటపడుతుంది, తీసిన చెక్క తిరిగి రాదు కదా. ఒక చోట ఎక్కువ వంగితే అక్కడే లోడ్ అంతా పడి పొట్ట మీద సన్నటి అడ్డ మడతలు కనిపిస్తాయి, గోరుతో తడిమితే తగులుతాయి, అవి పడ్డాయంటే అక్కడ చేవ నలిగిపోయినట్టు. మందు ఏంటంటే ఆ చోట ముట్టుకోకుండా మిగతా విల్లంతా తగ్గించడం, అంటే బలం పోగొట్టుకోవడం.

వంపు ఎలా ఉండాలి అన్నదాంట్లోనే విక్టోరియన్ విల్లుకీ యుద్ధపు విల్లుకీ అసలు తేడా. విక్టోరియన్‌ది పిడి దగ్గర వంగదు, పట్టుకున్నప్పుడు చేతిలో కదలకుండా హాయిగా ఉంటుంది. మేరీ రోజ్ విల్లు మధ్యతో సహా మొత్తం వంగుతుంది, పూర్తిగా లాగితే వృత్తంలో ముక్కలా కనిపించాలి. వదిలినప్పుడు చేతికి కొంచెం జాడిస్తుంది, కానీ పని పొడవంతా పంచుకోవడం వల్ల అంత బలం తట్టుకుంటుంది. నాకు చేయి అలవాటైన విక్టోరియన్ రకం వదిలి దీన్ని పట్టుకున్న మొదట్లో మోచేయి దాకా ఝుమ్మంది.

చిన్న చెక్కముక్కకి రంధ్రం చేసి పెన్సిల్ దూర్చి, వంగిన విల్లు పొట్ట మీద జరుపుతూ పోతే ఎక్కడ బిరుసుగా ఉందో అక్కడ గీత పడే చిట్కా ఒకటి ఉంది, చాలామంది దాన్నే నమ్ముకుంటారు. తిన్నటి పలక కర్రకి బాగా పనిచేస్తుంది. ఇలా ఎగుడుదిగుడు యూకి పెట్టారో, పుట్టుకతో ఉన్న గుంటని కూడా తప్పు వంపు అని గీత పెడుతుంది, దాన్ని నమ్మి గీకితే అయిపోయినట్టే. పెద్దాయన పద్ధతి వేరే, ఫోన్‌లో ఫోటో తీసి తలకిందులుగా తిప్పి చూస్తాడు. ఎడమ కుడి మారిపోతే కన్ను మోసపోదట. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, అంతా చేతి పనిముట్లే వాడతాడు, టెక్నాలజీలో ఆయన ఒప్పుకునేది ఈ ఒక్కటే.

బలం ఎంత పెట్టుకోవాలి అన్నది నేను చాలా ఆలోచించా. 150 చేస్తే గోడకి తగిలించుకోవడమే, నేను లాగలేను. మరి 50 కి చేసి మేరీ రోజ్ రెప్లికా అని పిలుచుకోవడం నాకు నచ్చదు, అలాంటివి బోలెడు అమ్ముతున్నారు, పొడవు మాత్రం ఆరున్నర అడుగులు ఉంటుంది, మందం చూస్తే కొరడా. చివరికి 90 దగ్గర పెట్టుకున్నా, 30 అంగుళాల లాగుడుకి. ఇప్పుడు లాగితే కష్టంగా ఉంటుంది, కానీ ఎదగడానికి చోటు ఉంటుంది. 30 ఎందుకంటే ఓడలో దొరికిన బాణాల పొడవు అటూ ఇటూగా ఆ లాగుడుకే సరిపోతుంది. మామూలుగా స్పోర్ట్స్‌లో గడ్డం కిందకి లాగితే నా చేతికి 28 దాటదు, చెవి దాకా లాగాలి, దానికి భుజాలు కాదు, మన వీపు కండరాలు వాడటం నేర్చుకోవాలి. కాబట్టి నాది రెప్లికా కాదు, ఆ పద్ధతిలో చేసిన తక్కువ బలం విల్లు, అంతవరకే చెప్పుకుంటా.

చివర్లకి కొమ్ము టోపీలు. చెక్కలోనే గాడి కోసి తాడు తగిలిస్తే అంత బలానికి తాడు చెక్కని చీల్చేస్తుంది, అందుకే కొమ్ము. సముద్రంలో చెక్క నిలిచింది గానీ కొమ్ము దాదాపు అంతా నాశనమైపోయింది. మరి ఉందని ఎలా తెలిసిందంటే చివర్లలో కొన్ని అంగుళాలు చెక్క రంగు తేడాగా ఉంది, అంతేకాదు, కొమ్ములో గాడి కోసేటప్పుడు ఆకురాయి లోపల చెక్కకి కూడా తగిలి గీటు పడింది. ఆ గీటు ఒక్క పక్కనే ఉంది! అంటే ఇప్పటి విల్లుల్లా రెండు పక్కలా గాడి కాదు, ఒక పక్కనే ఏటవాలుగా. ఎప్పుడో పనివాడి చెయ్యి ఓ వెంట్రుక వాసి లోపలికి పోవడం వల్ల మనకి ఈ విషయం తెలిసింది, నాకు మ్యూజియం మొత్తంలో ఇష్టమైన వస్తువు ఆ గీటే. నాది కూడా ఒక పక్క గాడే. కొమ్ము వాళ్ళు ఆవుది వాడి ఉంటారు, ఇక్కడ షాపులో దొరికేది నల్ల గేదె కొమ్ము. కోన్‌లా అరగదీసిన డ్రిల్ బిట్‌తో లోపల తొలిచి, చెక్క చివర అర అంగుళం మందానికి తెచ్చి, తొడిగి, మసి రాసి చూసి, ఎక్కడ ఆనుతోందో అక్కడ అరగదీసి, మళ్ళీ తొడిగి. కొమ్ము తొలుస్తుంటే జుట్టు కాలిన వాసన. గరాజ్‌లో చేసుకోండి, ఇంట్లో వద్దు.

తాడు సంగతికొస్తే నేను రాజీపడ్డా. వాళ్ళు హెంప్ అనే గంజాయి జాతి మొక్క నారో, అవిసెనారో వాడారు, బాణం వెనక గాడి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు కాబట్టి తాడు కూడా అంతకు మించి ఉండే వీల్లేదు. ఇప్పుడు షాపుల్లో దొరికే లినెన్ దారంతో అంత సన్నంగా అంత గట్టిగా పేనడం కొద్దిమందికే వచ్చు, తాడు తెగితే విల్లు కూడా పోయే అవకాశం ఉంది, ఇంత డబ్బు పోసిన కర్ర మీద ఆ రిస్క్ నేను తీసుకోను, సింథటిక్ దారమే వేశా. పైన కన్ను, కింద ముడి, అది మాత్రం పాత పద్ధతే. ఫినిష్ అంటారా, అవిసె నూనె, తేనెమైనం, అంతే.

విల్లు ఎక్కుపెట్టి కొన్ని వారాలు వాడాక తాడు తీసేసినా కొద్దిగా వంగి ఉండిపోతుంది, ఒక అంగుళంన్నర దాకా పర్లేదు. నాది అందులోపే ఉంది. బాణాలకి పాప్లర్ కర్ర, అర అంగుళం లావు, మేరీ రోజ్‌లో కూడా ఎక్కువ పాప్లర్‌వే. ఈకలు అతికించిన జిగురులో వాళ్ళు రాగి తుప్పు కలిపారు, పురుగు పట్టకుండా అయ్యుంటుంది, అందుకే ఆ భాగం పచ్చగా ఉంటుంది, పైన పట్టు దారం చుట్టు. నేను పచ్చ రంగు కలిపి అతికించా, తుప్పు జోలికి పోలేదు.

ఎవరింటికి వచ్చినా మొదట అడిగేది "ఒకసారి లాగి వదలనా" అని. లాగండి, మెల్లగా వెనక్కి తెచ్చేయండి, వదలొద్దు. బాణం లేకుండా వదిలితే ఆ శక్తంతా విల్లులోకే వెనక్కి వస్తుంది, అక్కడికక్కడే ముక్కలవ్వచ్చు, ముక్క కంట్లో పడొచ్చు. మొన్న మా బావమరిది అడిగితే ఇవ్వలేదని అలిగాడు, "ఏం బావా, కర్రముక్కకి ఇంత బిల్డప్పా" అన్నాడు. 40 పౌండ్ల పాత ప్రాక్టీస్ విల్లు, మూడు బాణాలు ఇచ్చి తోటలోకి పంపా.